ముందు చెవికి, ఆ తర్వాతే చేతికి

విదేశాల్లో మనం నడిపే వారాంతపు తెలుగు తరగతుల్లో చాలాచోట్ల ఇప్పటికీ మొదటి రోజే అ, ఆ దిద్దిస్తున్నాం. అదే పిల్లలు సోమవారం కిండర్‌గార్టెన్‌కి వెళ్తే అక్కడ శబ్దాలతో ఆటలు ఆడిస్తారు. 'క్యాట్' అన్న మాటకు మూడు గళ్లు గీసి, ఒక్కో శబ్దానికి ఒక్కో బిళ్ల జరపమంటారు. ఇంగ్లండులో 2012 నుంచి ఐదారేళ్ల పిల్లలకు ఫోనిక్స్ పరీక్షే ఉంది, అంటే అక్షరాల శబ్దాలు కలుపుకుని మాటను చదవగలరా అని చూసే పరీక్ష. అందులోని 40 మాటల్లో 20 అర్థం లేనివి, బట్టీ పట్టి చెప్పడానికి వీల్లేకుండా.

ఆ పద్ధతి మనకూ కావాలి. కాకపోతే ఆ ఆటలను ఉన్నవి ఉన్నట్టు తెచ్చుకుంటే లాభం లేదు. ఇంగ్లిషులో ఒకే అక్షరం పదిరకాలుగా పలుకుతుంది, మనకు ఆ బాధ దాదాపు లేదు. ఇక్కడ పెరిగే పిల్లలకు కొరుకుడుపడనివి త-ట, ద-డ తేడాలు, దీర్ఘాలు, ఒత్తులు. ఆటలు అక్కడ పెట్టాలి.

బల్ల మీద ఒక డబ్బా మూత, ఒక బట్టల మూట పెట్టండి. టీచరు "మూత" అనో "మూట" అనో అనగానే పిల్లలు పరుగెత్తి దాన్ని పట్టుకోవాలి. మొదట్లో చాలామంది తప్పు వైపే పరుగెడతారు. ఇంగ్లిషుకు అలవాటుపడిన చెవికి రెండూ ఒకటే మరి! ఆ తేడా వినపడకముందే రాయించి, తప్పని ఎర్ర పెన్నుతో కొట్టేయడం అన్యాయం.

ఒత్తుల సంగతి ఇంకా చిత్రం. 'పిల్లి'కి చప్పట్లు కొట్టమంటే పిల్లలు పిల్-లి అని కొడతారు. నోటికి అదే సరైనది. రాతలో మాత్రం పి-ల్లి. ఈ మెలిక విప్పకుండా 'ల కింద ల ఒత్తు' అంటే వాళ్లకేం అర్థమవుతుంది? 'పులి'కి గబగబా రెండడుగులు, 'పిల్లి'కి మధ్యలో ఒక్క క్షణం ఆగి రెండో అడుగు వేయించండి. ఆగిన చోట ఒత్తు పడుతుందని అప్పుడు చూపించండి.

మనకు క-భాష ఉండనే ఉంది. 'నీ పేరేమిటి' అనడానికి 'కనీ కపే కరే కమి కటి' అనాలంటే మాటను అక్షరం అక్షరంగా విడగొట్టక తప్పదు. ఏ వర్క్‌షీటూ అంత పని చేయించలేదు. ఊరి నుంచి అమ్మమ్మలు, తాతయ్యలు వచ్చి ఉంటే క్లాసుకు తీసుకురండి, వాళ్లే ఆడిస్తారు.

నెలైనా నోటుబుక్కు ఖాళీగా ఉందే అని తల్లిదండ్రులకు టెన్షన్ సహజమే. దయచేసి టీచర్లను తొందరపెట్టకండి. క్లాసు నుంచి కారులో వస్తూ 'పాత', 'పాట' అని, ఏది విన్నారో పిల్లలనే అడగండి.