సంతకం దగ్గరే ఆగిపోతున్న ఫెలోషిప్‌లు

విజయవాడ బెంజి సర్కిల్ చుట్టుపక్కల నడిచినా, గుంటూరు బ్రాడీపేట అడ్డరోడ్లలో తిరిగినా విదేశీ చదువుల కన్సల్టెన్సీ బోర్డు లేని సందు అరుదు. పొలం తాకట్టు పెట్టి, బ్యాంకు రుణం తెచ్చి పిల్లల్ని అమెరికా, బ్రిటన్ పంపడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఆ దారిలో ఏ నెలలో ఏం చేయాలో ఇంటర్ పిల్లల తల్లిదండ్రులకు కూడా కంఠోపాఠం. కానీ విమాన టికెట్టు ఇచ్చి, నెలనెలా భృతి ఇచ్చి, వచ్చి పరిశోధన చేసుకోమని పిలిచే ఫెలోషిప్‌ల సంగతి ఎత్తితే ఇక్కడే పీహెచ్‌డీ చేస్తున్నవారు, ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్నవారు సైతం ‘అవన్నీ ఢిల్లీ వాళ్లకండీ’ అనేస్తారు. కమీషన్ రాని పని గనుక కన్సల్టెన్సీ చెప్పదు. చెప్పాల్సింది కళాశాల. అది చెప్పడం లేదు.

ఈ పథకాలు నిన్న మొన్నటివి కావు. చదువుకు, పరిశోధనకు రెండు దేశాల మధ్య మనుషుల్ని పంపే ఫుల్‌బ్రైట్ కార్యక్రమంపై భారత్, అమెరికా సంతకాలు చేసింది 1950 ఫిబ్రవరి 2న. 2008 ఒప్పందంతో రెండు ప్రభుత్వాలూ ఖర్చు పంచుకోవడం మొదలైంది, ఫుల్‌బ్రైట్-నెహ్రూ అనే పేరూ అప్పుడే వచ్చింది. అంటే అందులో మన పన్నుల సొమ్ము కూడా ఉంది. ఇక్కడ పీహెచ్‌డీకి నమోదైనవారు ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికా విశ్వవిద్యాలయంలో పనిచేసి రావచ్చు. అధ్యాపకులకు విడిగా ఫెలోషిప్‌లున్నాయి. ఐరోపా సమాఖ్య ఇచ్చే ఎరాస్మస్ ముండస్‌లో కనీసం రెండు దేశాల్లో ఉమ్మడి మాస్టర్స్ చదవాలి. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు బాధ లేదు, పైగా నెలకు 1,400 యూరోలు. డిగ్రీ స్థాయి సైన్సు, ఇంజినీరింగ్ విద్యార్థుల్ని వేసవిలో జర్మన్ ప్రయోగశాలలకు పంపేందుకు ఆ దేశపు డీఏఏడీ సంస్థకు ‘వైజ్’ పథకం ఉంది. పోటీ తీవ్రమే, కాదనం. కానీ పోటీలో ఓడిపోవడం వేరు, బరిలోకే దిగకపోవడం వేరు.

ఎంపిక సంఘాలు ముఖ్యంగా చూసేది మార్కుల్ని కాదు. ఈ పని నువ్వే ఎందుకు చేయాలి, అక్కడికే వెళ్లి ఎందుకు చేయాలి, తిరిగొచ్చి ఏం చేస్తావు? ఈ మూడింటికీ సూటిగా జవాబు కావాలి. అలాంటి జవాబులకు గుంటూరులో కొదవా? 2021-22లో మిర్చి రైతును నిలువునా ముంచిన నల్ల తామర పురుగునే తీసుకోండి. ఆగ్నేయాసియాకు చెందిన ఆ పురుగు అమెరికాలోని ఫ్లోరిడాలోనూ 2020లో బయటపడింది. పూతలో చేరిన పురుగును కళ్లారా చూసిన విద్యార్థి, ఏ మందు ఎన్నిసార్లు కొట్టినా ఎందుకు లొంగలేదో పది ఊళ్ల రైతుల్ని అడిగి రాసుకున్న విద్యార్థి, ఫలానా ప్రయోగశాలలో ఫలానా పద్ధతి నేర్చుకొచ్చి లాం పరిశోధన కేంద్రంలో వాడతానని రెండు పేజీల్లో చెప్పగలిగితే, అది ఏ మహానగరపు దరఖాస్తుకూ తీసిపోదు. చరిత్ర విద్యార్థుల సంగతీ అంతే. అమరావతి స్తూపం శిల్పాలు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిని దగ్గరుండి పరిశీలించాల్సిన అవసరం మన పరిశోధకుడికి కాక ఇంకెవరికి ఎక్కువ? కళలు, వారసత్వ పరిరక్షణ రంగాల భారతీయులు బ్రిటన్ వెళ్లడానికి సాయపడే చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్టు పేరు మన చరిత్ర శాఖల్లో ఎంతమంది విని ఉంటారు?

ఆలోచన ఉన్నవాడికీ దారిలో అడ్డంకులు ఎదురవుతాయి. అవి ఎక్కువగా మన కార్యాలయాల్లోనే ఉన్నాయి. సిఫార్సు లేఖను చూడండి. విద్యార్థే రాసుకొస్తాడు, మాస్టారు చదవకుండానే సంతకం పెడతారు. ‘ఇతను కష్టపడే స్వభావం గలవాడు, క్రమశిక్షణ గలవాడు, ఉజ్వల భవిష్యత్తు గలవాడు’ అనే ఆ మూడు ముక్కలూ ఏ విద్యార్థికైనా సరిపోతాయి, కాబట్టి ఎవరికీ పనికిరావు. ‘మూడో సెమిస్టరులో మేమిచ్చిన ప్రయోగం విఫలమైతే లోపం ద్రావణంలో ఉందని వారం రోజులు కూర్చుని పట్టుకున్నది ఈ అమ్మాయే’ అని ఒక్క వాక్యం రాస్తే చాలు, చదివేవాళ్లకు మనిషి కనిపిస్తుంది. ఆ వాక్యం రాయాలంటే మాస్టారికి విద్యార్థి పని తెలిసి ఉండాలి, గంట సేపు కూర్చునే తీరికా ఉండాలి. వందల ప్రాజెక్టు రిపోర్టుల మీద సంతకాలు పెట్టే అధ్యాపకుడికి ఆ తీరిక ఎవరిస్తున్నారు?

తర్వాతది ఎన్‌ఓసీ, అంటే వెళ్లడానికి మాకు అభ్యంతరం లేదని కళాశాల ఇచ్చే పత్రం. ఫుల్‌బ్రైట్ గడువులు ఎక్కువగా వేసవిలోనూ ఆ వెంటనే వచ్చే నెలల్లోనూ పడతాయి. సరిగ్గా అప్పుడే కళాశాలల్లో అడ్మిషన్ల హడావుడి. ఫైలు సెక్షన్ నుంచి సూపరింటెండెంటుకు, అక్కడి నుంచి ప్రిన్సిపాల్‌కు, ఆయన దగ్గర్నుంచి కరస్పాండెంట్ ఇంటికి. ఆయన ఊళ్లో లేరంటారు. అడిగిన వ్యక్తి చెప్పులరిగేలా తిరిగి, గడువు దాటాక మానుకుంటారు. సంతకం దొరికినా ప్రైవేటు కళాశాల అధ్యాపకుడికి నాలుగు నెలల సెలవంటే ఉద్యోగం మీద ఆశ వదులుకోవడమే. తిరిగొచ్చేసరికి కుర్చీలో ఇంకొకరుంటారు. ఇంటి వాయిదాలు కట్టుకునే మనిషి అంత సాహసం ఎలా చేస్తారు? చేయలేదని వారిని నిందించడం అన్యాయం.

ఇదే యాజమాన్యాలు విదేశీ విశ్వవిద్యాలయాలతో ఎంఓయూలు (అవగాహన ఒప్పందాలు) కుదిరాయంటూ శాలువాలతో దిగిన ఫొటోలు పత్రికలకు పంపుతాయి. మాకూ వస్తుంటాయి. ఆ ఒప్పందాల కింద ఎంతమంది వెళ్లొచ్చారన్నది మాత్రం ఆ ప్రకటనల్లో ఉండదు. కళాశాలల నాణ్యతను లెక్కగట్టే న్యాక్ బృందం వచ్చినప్పుడు చూపించడానికి ఫైలు ఉంటే చాలదు, ఆ ఫైలు పట్టుకుని ఒక మనిషి విమానం ఎక్కాలి.

వెళ్లినవాళ్లు తిరిగొస్తారా అన్న అనుమానం యాజమాన్యాల్లో ఉంది. కన్సల్టెన్సీ దారికీ దీనికీ తేడా అక్కడే. ఫుల్‌బ్రైట్ మీద వెళ్లేవారికి జె-1 వీసా ఇస్తారు. గడువు ముగిశాక రెండేళ్లు స్వదేశంలో గడపనిదే, మినహాయింపు దొరికితే తప్ప, అక్కడ హెచ్-1బీ ఉద్యోగ వీసాకు గానీ, గ్రీన్‌కార్డుకు గానీ అర్హత ఉండదు. అమెరికాలో స్థిరపడాలనుకునే కుటుంబాలకు ఇది సంకెళ్లలా కనిపించవచ్చు. కళాశాలకు మాత్రం ఇంతకంటే లాభసాటి బేరం లేదు. ఖర్చు ఇంకొకరిది, నేర్చుకుని వచ్చే అధ్యాపకుడు తనవాడు.

కాబట్టి మేం యాజమాన్యాలనూ విశ్వవిద్యాలయాలనూ అడిగేవి పెద్ద కోరికలు కావు. పోటీ ఫెలోషిప్‌కు ఎంపికైన అధ్యాపకుడి ఉద్యోగానికి, సీనియారిటీకి ఢోకా ఉండదని యాజమాన్యం లిఖితపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఎన్‌ఓసీ అడిగిన పది పనిదినాల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే కారణం కాగితం మీద రాయాలి. ఆచార్య నాగార్జున, కృష్ణా విశ్వవిద్యాలయాలు అనుబంధ కళాశాలలన్నింటి కోసం చెరొక సహాయ కేంద్రం పెట్టి, ఇలాంటి గ్రాంట్ల మీద వెళ్లొచ్చిన ఆచార్యులను, రిటైరైనవారినైనా సరే, వారానికో పూట అక్కడ కూర్చోబెట్టాలి. దరఖాస్తు ముసాయిదా చదివి ‘ఇది నీ మాట కాదు, మళ్లీ రాయి’ అని నిర్మొహమాటంగా చెప్పేవారు ఒకరుంటే కన్సల్టెన్సీలకు కట్టే వేల రూపాయలు మిగులుతాయి.

ఎరాస్మస్ ముండస్ కోర్సుల దరఖాస్తులు చాలావరకు అక్టోబరు, జనవరి మధ్య తీసుకుంటారు. కన్సాలిడేటెడ్ మార్కుల మెమో, ట్రాన్స్‌క్రిప్టు అప్పటికి విద్యార్థి చేతిలో ఉండాలి. అడిగినవారికి సెప్టెంబరు నెలాఖరులోగా ఇచ్చేస్తామని పరీక్షల విభాగాలు ఇప్పుడే తేదీ ప్రకటించాలి.