పరమాణువు అనే మాట ఒకటే, లెక్క వేరు

ఏడాదికి నాలుగైదు సార్లు మన ఫోన్లలోకి వచ్చిపడే సందేశం ఇది: "క్రీస్తుకు 600 ఏళ్ల ముందే కణాద మహర్షి పరమాణు సిద్ధాంతం కనిపెట్టాడు. డాల్టన్ దాన్ని దొంగిలించాడు. రసాయన నియమాలన్నీ మన దర్శనాల్లో ఉన్నవే. పాఠ్యపుస్తకాలు ఈ సంగతి దాచాయి."

ముందుగా దొంగతనం మాట. ఆధునిక పరమాణు సిద్ధాంతం చెప్పిన ఇంగ్లండ్ రసాయనవేత్త డాల్టన్ పుస్తకం మొదటి భాగం 1808లో అచ్చయింది. కణాదుడి పేరున ఉన్న వైశేషిక దర్శనాన్ని సంస్కృతం నేర్చిన ఆంగ్లేయ పండితుడు కోల్‌బ్రూక్ ఇంగ్లీషులో వివరించింది 1820లలో. సొత్తు బయటికి రాకముందే దొంగ పడ్డాడా? డాల్టన్ చదివింది న్యూటన్‌ను. ఆయన మాటలను తన ఉపన్యాసాల్లో ఉటంకించాడు కూడా. ఇక 600 అనే అంకె ఖాయమైనదేమీ కాదు. వైశేషిక సూత్రాల కాలంపై పండితుల అంచనాల మధ్య శతాబ్దాల తేడా ఉంది.

అసలు చిక్కు మాట దగ్గరే ఉంది. మన సైన్సు పుస్తకాలు రాసినవాళ్లు అణువు, పరమాణువు అనే పాత మాటలనే తీసుకున్నారు. దాంతో పేరు కలిసింది కనుక సిద్ధాంతమూ ఒకటే అనిపిస్తుంది.

వైశేషికుల పరమాణువులు నాలుగు రకాలు: భూమి, నీరు, అగ్ని, వాయువు. రెండు కలిస్తే ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్ర్యణుకం. కిటికీలోంచి పడే ఎండలో తేలే నలుసు ఉంటుందే, అదీ త్ర్యణుకం. పచ్చికుండ ఆవంలో కాలి ఎర్రబడటం ఎలాగన్న వాదన నాకు మరీ ఇష్టం. వేడికి కుండ పరమాణువులుగా విడిపోయి, ఒక్కొక్కటీ రంగు మారి, మళ్లీ కుండగా కూడుతుందని వైశేషికులన్నారు. కాదు, కుండ కుండగానే ఉండి రంగు మారుతుందని నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వాళ్లు. గొప్ప తర్కమే. అయితే ఇందులో త్రాసు లేదు. పైగా వేడికి గుణం మారే ఈ పరమాణువు డాల్టన్ పరమాణువుకు పూర్తిగా ఎదురు. ఆయన లెక్కలో పరమాణువులు కలుస్తాయి, విడిపోతాయి, అంతే.

నియమాలు వచ్చింది తూకం నుంచే. మూసిన పాత్రల్లో ముందూ వెనుకా తూచి ఫ్రెంచి రసాయనవేత్త లవోయిజే ద్రవ్యనిత్యత్వాన్ని, అంటే రసాయన చర్యలో మొత్తం బరువు మారదన్న నియమాన్ని, 1789 నాటి పుస్తకంలో చెప్పాడు. గనిలో దొరికిన రాగి కార్బొనేటులోనూ, ప్రయోగశాలలో చేసినదానిలోనూ పాళ్లు ఒకటేనని మరో ఫ్రెంచి రసాయనవేత్త ప్రూస్ట్ 1799లో చూపాడు. అదే స్థిరానుపాత నియమం. డాల్టన్ ఇంకో అడుగు వేశాడు. ఇప్పటి అంకెల్లో చెప్పాలంటే, 12 గ్రాముల కార్బన్‌తో ఒక వాయువులో (కార్బన్ మోనాక్సైడ్) 16 గ్రాములు, మరోదానిలో (కార్బన్ డయాక్సైడ్) 32 గ్రాముల ఆక్సిజన్ కలుస్తుంది. సరిగ్గా రెట్టింపు, 21 కాదు, 27 కాదు. పరమాణువు సగం కాదు కనుక ఒకటి, లేదా రెండు. ఈ వాదన కోసం ప్రతి మూలకానికీ ఒక బరువు ఉండాలి. దర్శనాల్లో ఆ పట్టిక లేదు.

డాల్టన్ పట్టికా తప్పులతోనే మొదలైంది. నీటిలో ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ అనుకుని హైడ్రోజన్ బరువు 1 అయితే ఆక్సిజన్‌కు 7 వేశాడు; అసలైతే అది 16. ఇటలీ శాస్త్రవేత్త అవగాడ్రో 1811లోనే సరైన దారి చూపినా, రసాయనవేత్తలు దాన్ని పట్టించుకోవడానికి 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూహెలో జరిగిన రసాయనవేత్తల సమావేశం దాకా పట్టింది.

ఇక దాచారన్న ఆరోపణ. ఏళ్ల తరబడి నడిచిన ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకంలో పరమాణువుల పాఠం మొదటి పేరాలోనే కణాదుడున్నాడు. ఆయన వెంటే మరో ప్రాచీన భారతీయ తాత్వికుడు పకుధ కాత్యాయనుడు. డాల్టన్ వచ్చేది ఆ తర్వాతే.