ఏడాదికో పొడిగింపు ఇస్తే మిల్లు ఎవరు పెడతారు?

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు భీమవరం వైపు రొయ్యల రైతులు ఎంత టెన్షన్ పడ్డారో దగ్గరుండి చూశాను. మా బావ చెరువు పట్టుబడికి సిద్ధంగా ఉంది. ఏ కౌంట్‌కు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క) ఎంత ఇస్తారని రోజూ ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. ఆ రోజుల్లోనే లెసోతో గురించి చదివాను. మనకంటే ముందే, ఏప్రిల్‌లోనే, అదే 50 శాతం వాళ్ల మీద ప్రకటించారు.

లెసోతో చుట్టూ దక్షిణాఫ్రికాయే ఉంటుంది. జనాభా సుమారు 23 లక్షలు. అక్కడ ప్రైవేటు రంగంలో ఎక్కువమందికి పని ఇచ్చేవి బట్టల ఫ్యాక్టరీలు, పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. అమెరికాకు జీన్స్ కుట్టి పంపుతారు. కాటన్ ప్యాంటు మీద అమెరికా మామూలు సుంకం 16.6 శాతం. 2000లో క్లింటన్ సంతకం చేసిన అగోవా (AGOA) అనే అమెరికా చట్టం దాన్ని అర్హత ఉన్న ఆఫ్రికా దేశాలకు సున్నా చేసింది. ఆ తేడా వల్లే ఆర్డర్ బంగ్లాదేశ్‌కు పోకుండా లెసోతో రాజధాని మసేరు దాకా వస్తుంది.

మరి 50 శాతం లెక్క ఎలా కట్టారు? లెసోతో అమెరికాకు అమ్మింది ఎక్కువ, అమెరికా నుంచి కొన్నది దాదాపు ఏమీ లేదు. ఆ తేడాను దిగుమతుల విలువతో భాగించి సగం చేశారు. అమెరికా సరుకు కొనే స్థోమత లేకపోవడాన్నే తప్పు కింద రాశారు! తర్వాత 15కి తగ్గించారు కానీ, ఈలోపే ఆర్డర్లు ఆగాయి. నిరుద్యోగం చూసి జులైలో లెసోతో ప్రభుత్వం జాతీయ విపత్తు ప్రకటించింది.

నాకు ఇంతకంటే ఎక్కువ కోపం అగోవా నడుపుతున్న తీరు మీద. 2025 సెప్టెంబర్ 30న గడువు అయిపోయింది. 2026 ఫిబ్రవరిలో పొడిగించారు, అదీ డిసెంబర్ 31 వరకే. అంత చిన్న గడువు చూసి నూలు మిల్లు, బట్ట మిల్లు పెట్టడానికి ఎవరైనా అప్పు చేస్తారా? మిల్లు డబ్బు తిరిగి రావాలంటే ఏళ్లు పడుతుంది. కుట్టు మిషన్లయితే ఎప్పుడైనా సర్దుకుని ఇంకో దేశానికి పోవచ్చు. అందుకే బట్ట బయటి నుంచి వస్తుంది, కుట్టు మాత్రం అక్కడ. 2012లో బయటి దేశాల బట్టతో కుట్టినా సుంకం లేకుండా పంపే వెసులుబాటును చివరి నిమిషం దాకా పొడిగించకపోతే, అప్పుడూ ఆర్డర్లు జారిపోయాయి. "ఆఫ్రికా ఒకే సరుకు మీద ఆధారపడుతోంది, రకరకాల ఎగుమతులు పెంచుకోవాలి" అని సలహాలిచ్చేవాళ్లు ముందు ఈ గడువుల సంగతి చూడాలి.

శిక్షలు కూడా అలాగే. 2009లో ప్రభుత్వాన్ని కూల్చిన తిరుగుబాటు తర్వాత మడగాస్కర్‌ను, ఉత్తరాన టిగ్రే ప్రాంతంలో జరిగిన యుద్ధం కారణంగా 2022లో ఇథియోపియాను అగోవా నుంచి తీసేశారు. తప్పు చేసింది పాలకులు. పని పోయింది మాత్రం ఇథియోపియాలోని హవాసా పారిశ్రామిక పార్కులో మిషన్ల ముందు కూర్చున్న అమ్మాయిలకు.

రువాండా విషయమైతే నేను అస్సలు ఒప్పుకోలేను. సొంత బట్టల పరిశ్రమ పెంచుకుందామని వాడేసిన బట్టల దిగుమతి మీద సుంకం పెంచింది. ఆ పాత బట్టలు అమ్మే అమెరికా వ్యాపారులు ఫిర్యాదు చేశారు. 2018లో రువాండా బట్టలకు సుంకం లేని సౌకర్యం ఆపేశారు. ఆ చిన్న దేశం చేసింది అందరూ చెప్పే పనే కదా, సొంతంగా తయారు చేసుకోవడం!

అమెరికా నిజంగా ఆఫ్రికాతో వ్యాపారం పెంచాలనుకుంటే ఒకేసారి పదిహేనేళ్లు ఇవ్వాలి, మధ్యలో పీకకుండా. మిల్లుకు అప్పిచ్చే బ్యాంకు ముందు అడిగేది గడువే. ఘనా, ఐవరీ కోస్ట్ కలిసి ప్రపంచ కోకోలో సగానికి పైగా పండిస్తున్నాయి. అక్కడి చాక్లెట్ ఫ్యాక్టరీకైనా ఆ బ్యాంకు అదే అడుగుతుంది. 2027 జనవరిలో అమెరికా రేవులో దిగాల్సిన జీన్స్‌కు ఆర్డర్ నెలల ముందే ఖాయం కావాలి. ఆ రోజు సుంకం ఎంత ఉంటుందో మసేరు ఫ్యాక్టరీలో ఎవరూ చెప్పలేరు.