స్కాన్ కావాల్సిన చోట ఆలస్యం, అక్కర్లేని చోట ఆత్రం

విశాఖలో పెద్ద ప్రభుత్వాస్పత్రి కేజీహెచ్ డౌన్ రోడ్డు వైపు ఏ సాయంత్రం వెళ్లినా ఎంఆర్ఐ కవరు చంకలో పెట్టుకుని ఆటో కోసం చూసేవాళ్లు కనిపిస్తారు. ఏళ్ల తరబడి ఒకే తీరున వచ్చే తలనొప్పికి కూడా అప్పు చేసి స్కాన్ తీయించుకునేవాళ్లు వాళ్లలో ఉంటారు. ఇదే ఊళ్లో రాత్రి భోజనాల వేళ పెద్దాయనకు మూతి వంకరపోతే మాత్రం, "ఇప్పుడెక్కడికెళ్తాం, తెల్లారాక చూద్దాం" అంటారు. మెదడు, నరాల జబ్బుల విషయంలో మనం స్కాన్‌ను తలకిందులుగా వాడుతున్నాం. దీనికి డబ్బు రూపంలో కొందరు, కాలూ చెయ్యీ రూపంలో ఇంకొందరు మూల్యం చెల్లిస్తున్నారు.

పక్షవాతం సంగతే చూడండి. మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడినా, నాళం చిట్లి రక్తం కారినా బయటికి కనిపించేది ఒకటే. ముఖం ఒక పక్కకు జారుతుంది, చెయ్యి ఎత్తితే నిలవదు, మాట ముద్దగా వస్తుంది. ఎంత అనుభవమున్న డాక్టరైనా పైకి చూసి ఏ రకమో కచ్చితంగా చెప్పలేరు. చెప్పేది సీటీ స్కాన్. గడ్డ అయితే 4.5 గంటల్లోపు దాన్ని కరిగించే ఇంజెక్షన్‌కు అవకాశం ఉంటుంది. రక్తస్రావమైతే అదే మందు ప్రాణం మీదికి తెస్తుంది. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని 2006లో ఒక అంచనా వేశారు. మన ఇళ్లలో ఆ నిమిషాలు ఎలా పోతాయో అందరికీ తెలుసు. నాలుక కింద బీపీ మాత్ర పెడతారు. గుండెకు వాడే ఆస్పిరిన్ మింగిస్తారు. మింగే శక్తి పోయిన మనిషికి కాఫీ పట్టిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుందన్న ధ్యాస ఉండదు. ఎవరో పసరు మందు అంటారు, ఇంకెవరో పావురం రక్తంతో మర్దన అంటారు. ఈలోగా గడువు దాటిపోతుంది. ఆస్పత్రిలో మొదట అడిగేది "ఎన్ని గంటలకు మొదలైంది?" అని. నిద్రలో వస్తే లేచిన టైమ్ కాదు, ఆఖరుసారి బాగున్నట్టు ఎప్పుడు చూశారో అదే లెక్క. ఆ ఒక్క జవాబు సిద్ధంగా ఉంచుకుని 108కి ఫోన్ చేయడం కంటే ఇంట్లోవాళ్లు చేయగల వైద్యం లేదు.

ఇక తలనొప్పి. ఒక పక్కన కొట్టుకునే నొప్పి, వాంతి, వెలుతురూ చప్పుడూ భరించలేకపోవడం, 4 నుంచి 72 గంటల పాటు ఉండటం, అమ్మకో అక్కకో కూడా ఇలాగే రావడం. ఇంత వింటే మైగ్రేన్ అని చెప్పడానికి మామూలుగా స్కాన్ అక్కర్లేదు, తీసినా నార్మల్ అనే వస్తుంది. దాంతో "ఏమీ లేదట" అనుకుని ఇంటికెళ్లి మళ్లీ నొప్పి మాత్రలు మొదలుపెడతారు. నెలలో సగం రోజులు ఆ మాత్రలు వేసుకుంటే వాటివల్లే తలనొప్పి రోజూ పట్టుకుంటుంది. ఇండస్ట్రియల్ ఏరియాలో నైట్ షిఫ్టులు చేసేవాళ్లకు నిద్ర చెడితే మైగ్రేన్ లేస్తుంది, ఫిట్స్ కూడా లేస్తాయి. ఈ సంగతి రోగిని అడిగితే తెలుస్తుంది గానీ ఏ ఫిల్ములోనూ కనపడదు.

ఫిట్స్ నిర్ధారణకు చూసినవాళ్ల మాటే ప్రాణం. మొదట తల ఎటు తిరిగింది, కళ్లు తెరిచే ఉన్నాయా, ఎంతసేపు కొట్టుకున్నారు, లేచాక ఎంతసేపు అయోమయంగా ఉన్నారు అన్నవి డాక్టరుకు కావాలి. మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్ష చాలామందిలో మామూలుగానే వస్తుంది. చేతిలో తాళాలు పెట్టే బదులు మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, ఒకరు ఫోన్లో వీడియో తీస్తే అది ఎంతో ఉపయోగం. 5 నిమిషాలు దాటితే 108. సరైన మందులతో 70 శాతం మంది వరకు ఫిట్స్ లేకుండా బతకవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెళ్లి కుదరదన్న భయంతో దాచేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతొకటుంది. పెళ్లికి అనర్హతగా ఉన్న మూర్ఛను హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తొలగించారు.

కదలికలను మందగింపజేసే మెదడు జబ్బు పార్కిన్సన్స్ మరీ విచిత్రం. బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచేవాళ్లను గమనించండి. ఒక చెయ్యి మామూలుగా ఊగుతుంటే రెండోది ఒంటికి అతుక్కుపోయినట్టున్న పెద్దాయన కనిపించవచ్చు. బ్యాంకులో సంతకం ఏటేటా చిన్నదైపోతుంటుంది, చొక్కా గుండీలకు పది నిమిషాలు పడుతుంటుంది. వణుకు తర్వాతెప్పుడో రావచ్చు, కొందరికి రాకపోవచ్చు కూడా. మామూలు ఎంఆర్ఐ దీన్ని పట్టుకోలేదు. ఇంట్లోవాళ్లేమో "వయసైపోయింది కదా" అని సరిపెట్టుకుంటారు.

స్కాన్ తీయకపోతే మెదడులో కణితి ఉన్నా తెలియదు కదా అనే డాక్టర్లున్నారు. వాళ్ల భయం అబద్ధం కాదు. ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, 50 దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి, మొదటిసారి వచ్చిన ఫిట్స్, వీటికి స్కాన్ తీయాల్సిందే. మన దేశంలో బద్దెపురుగు గుడ్ల వల్ల మెదడులో ఏర్పడే తిత్తులు కూడా ఫిట్స్‌కు పెద్ద కారణం. ఈ లక్షణాలు అడిగి తెలుసుకున్నాక రాసే స్కాన్ వేరు, అడగకుండా రాసేది వేరు.

అడగడానికి టైమెక్కడిది? శ్రీకాకుళం నుంచి, పాడేరు కొండల నుంచి, ఒడిశా కొరాపుట్ నుంచి కూడా జనం కేజీహెచ్ ఓపీకి వస్తారు. అంత రద్దీలో ఒక్కో రోగికి దక్కేది కొద్ది నిమిషాలు. 1923లో ఆంధ్రా మెడికల్ కాలేజీ మొదలైననాటి నుంచీ ఉత్తరాంధ్రకు పెద్ద వైద్యమంటే ప్రధానంగా ఈ ఊరే. నగరానికి ఇంకో కార్పొరేట్ ఆస్పత్రి వస్తే అభివృద్ధి అని పండగ చేసుకుంటాం. డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చి, ఘాట్ రోడ్డు దిగి, వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించే గిరిజనుడికి 4.5 గంటల లెక్క ఎలా కుదురుతుంది?

కుదిరే దారి ఉంది. గుండెపోటుకు దగ్గర్లోని ఆస్పత్రిలోనే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి, పెద్దాస్పత్రి డాక్టర్లు ఫోన్లో సలహా ఇచ్చే పద్ధతి మన రాష్ట్రంలో ఇప్పటికే ఉంది. కొండ ప్రాంతమైన హిమాచల్ ప్రదేశ్ పక్షవాతానికీ అలాంటి ఏర్పాటు చేసుకుంది. పాడేరు, నర్సీపట్నం, అనకాపల్లి ఆస్పత్రుల్లో రాత్రీ పగలూ సీటీ పనిచేయాలి, ఇంజెక్షన్ స్టాకు ఉండాలి, అక్కడి డ్యూటీ డాక్టరు ఏ వేళ చేసినా కేజీహెచ్ న్యూరాలజీలో ఒకరు ఫోనెత్తాలి. నగరంలో కొత్త ఎంఆర్ఐ మిషన్‌కు రిబ్బన్ కత్తిరించే ముందు ఈ మూడింటికీ తేదీ చెప్పమని మన ఎమ్మెల్యేలను అడుగుదాం.