చెలక లెక్క గెట్టు దగ్గర ఆగదు

పట్టాదారు పాసుపుస్తకం పొలానికి హద్దులు గీస్తుంది కానీ పురుగుకు, నీటికి, మట్టికి ఆ హద్దులు పట్టవు. 2021–22లో ఉమ్మడి వరంగల్, ఖమ్మం జిల్లాల మిర్చి తోటలను తామర పురుగు దెబ్బతీసినప్పుడు ఈ సంగతి చాలా ఖరీదుగా తెలిసివచ్చింది. పూతలో దూరి పిందె నిలవకుండా చేసే ఆ పురుగుపై మందు మీద మందు కొట్టిన కొద్దీ, పురుగులను తిని బతికే అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, సాలీళ్లు కూడా చచ్చాయి. అయినా చర్చ అంతా ఏ మందు కొట్టాలన్న దగ్గరే తిరిగింది.

పత్తిలోనూ ఇదే వరస. 1997–98లో పొగాకు లద్దెపురుగు వరంగల్ రైతును కుంగదీసింది. 2002లో కాయతొలుచు పురుగులను చంపే గుణాన్ని జన్యుమార్పిడితో విత్తనంలోనే చేర్చిన బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ తర్వాత గులాబీ రంగు పురుగు బీటీకి కూడా తట్టుకోవడం నేర్చింది. జనవరి దాటినా పత్తి కట్టెను చేలో ఉంచితే, రాలిన కాయల్లో మిగిలిన పురుగు వచ్చే పంటకు చేరుతుంది. ఒక రైతు కట్టె పీకేసి, పక్క రైతు పీకకపోతే మొదటి వాని కష్టం సగం వృథాయే.

ఇక పోషకాల సంగతి. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు. అందులో కొంతే పైరుకు అందుతుంది, మిగిలింది గాలికో నీటికో పోతుంది. వరి పీల్చుకునే పొటాష్‌లో అధిక భాగం గింజలో కాదు, గడ్డిలో ఉంటుంది. ఆ గడ్డి పశువు తిని పెంటగా తిరిగివచ్చినంత కాలం చెలకకు లోటు తెలియలేదు. ఇప్పుడు యంత్రంతో కోసి, మిగిలినదానికి నిప్పు పెడుతున్నాం, నత్రజని పొగవుతోంది. చెలక నుంచి కొట్టుకుపోయిన ఒండ్రు చెరువులో చేరడం, ఎండాకాలంలో బండ్లపై మళ్లీ చెలకకు రావడం కాకతీయుల నాటి చెరువుల కింద పాత పద్ధతే. తెలంగాణలో చెరువులను బాగుచేసే మిషన్ కాకతీయ పథకంలో పూడిక మట్టిని పొలాలకు తోలుకోనివ్వడం ఆ వలయాన్ని కొంత కలిపింది. దాన్ని ఏటా సాగే పనిగా కాక ఒక పథకంగా చూడటమే మన పొరపాటు.

ఎకరాకు ఎన్ని క్వింటాళ్లన్న ఒక్క అంకెతో పొలాన్ని కొలవడం, ఆవు ఆరోగ్యాన్ని పాల చెంబుతో కొలవడం లాంటిదే. పొలంలోకి ఏం వచ్చింది, ఏం పోయింది, లోపలే ఏం తిరిగింది, చుట్టూ ఏ పంట ఉంది అన్నవి కలిపి చూడాలి. ఇందుకు కొత్త కార్యాలయం అక్కర్లేదు. తెలంగాణలో 5,000 ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణ అధికారి, రైతులు కూడి మాట్లాడుకునే ఒక రైతువేదిక ఉండాలన్న ఏర్పాటు ఇప్పటికే ఉంది. పురుగు, నీరు, ఒండ్రు తిరిగే పరిధికి అది ఒంటరి కమతం కన్నా దగ్గర. పంటల నమోదుకు చేనులోకి వచ్చిన అధికారి, పంట పేరుతో పాటు గడ్డి ఎటు పోయిందో, కట్టె ఎప్పుడు పీకారో, మిత్ర పురుగులు కనిపించాయో లేదో కూడా రాసుకోవాలి. ఆ వివరాలను వానాకాలం విత్తనాలు కొనే ముందే రైతువేదికలో రైతుల ముందు పెట్టాలి.