ముక్కు మీద ఒక బాంబు తక్కువ

యుద్ధాలు, పెట్రోలు ధరలు కాసేపు పక్కన పెట్టండి. అంతకన్నా పెద్ద ఉపద్రవం వచ్చిపడింది. అమెరికా నౌకాదళం వాడిన ఎఫ్-14 టామ్‌క్యాట్ యుద్ధవిమానానికి 1:72 స్కేలులో, అంటే అసలు దానిలో 72వ వంతు సైజులో, లోహం పోతపోసి చేసిన 'డైకాస్ట్' మోడల్ ఒకటి వచ్చింది. దాని ముక్కు పక్కన బాంబు గుర్తు ఒకటి తక్కువ పడింది. డల్లాస్‌లో మా బావగారికి అన్నం సయించడం లేదు.

ఆ పెట్టె తెరవడం ఒక తంతు. పిల్లల్ని పక్కింటికి తోలేసి, తెల్ల గ్లవ్స్ తొడుక్కుని, పురిటి బిడ్డను ఎత్తినట్టు థర్మాకోల్‌లోంచి పైకి తీస్తారు. టామ్‌క్యాట్ గొప్పంతా రెక్కల్లోనే ఉంది. నిదానంగా ఎగిరేటప్పుడు 20 డిగ్రీల దగ్గర చాచుకుని ఉంటాయి, వేగం అందుకుంటే 68 డిగ్రీల దాకా వెనక్కి వెళతాయి. మోడల్‌లోనూ కదులుతాయి. బావగారు ఒక్కసారి కదిపి, "ఎడమది కాస్త లూజు" అని నిట్టూర్చి, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసేస్తారు. "నాన్నా, ఒక్కసారి ఎగరేసి ఇచ్చేస్తా" అని మా మేనల్లుడు బతిమాలితే, "ఇదేమన్నా ఆటబొమ్మనుకున్నావురా?" అని కసురుతారు. మరేమిటో ఆయనా చెప్పరు.

మురికి సంగతి ఇంకా విచిత్రం. ఉప్పుగాలికి పెయింటు పాడైన చోటల్లా నావికులు కొత్త పెయింటుతో అతుకులు వేస్తారు కదా, ఆ అతుకులూ నూనె మరకలూ ఫ్యాక్టరీలోనే అచ్చేసి పంపుతారు. దాన్ని 'వెదరింగ్' అంటారు. ఆ అచ్చు మురికి మీద అసలు దుమ్ము రవ్వంత పడినా, మా అక్కకు ఆ పూట టెన్షనే.

2006లో ఈ విమానాలు రిటైరయ్యాక, విడిభాగాలు ఇరాన్‌కు చేరకూడదని అమెరికా చాలావాటిని ముక్కలు ముక్కలు చేయించింది. (రాజు షా ఏలిన కాలంలో ఇరాన్‌కు అమ్మిందీ ఆ అమెరికానే.) ఆ వీడియో చూసి బావగారు కళ్ళు తుడుచుకున్నారు. "ఎంత పాపం చేశారో!" అన్నారు.

పాపమట! 2003 ఇరాక్ యుద్ధంలో వేసిన బాంబులకు లెక్కగా ఆ ముక్కు పక్కన గుర్తులు వేసుకున్నారు. టామ్‌క్యాట్‌లు తమ చివరి బాంబునూ 2006 ఫిబ్రవరిలో ఇరాక్ మీదే వేశాయి. పాత ఫొటోలన్నీ తిరగేసి, భూతద్దం పెట్టి, ఒకటి తగ్గిందని పట్టుకున్న మనిషి, అది ఎక్కడ పడిందో, అక్కడ ఎవరున్నారో ఒక్కసారైనా వెతికాడా? రెక్క లూజైతే ఫిర్యాదు, బూడిదరంగు ఒక ఛాయ తేడా వస్తే ఫిర్యాదు. ఆ బాంబు కింద ఉన్నవాళ్ళు మాత్రం ఈయన లెక్కలోకే రారు. పైగా కంపెనీకి రాసిన ఈమెయిల్లో "చారిత్రక సత్యానికి అన్యాయం జరిగింది" అన్నారు. సిగ్గుండక్కర్లా?

కంపెనీ వాళ్ళు మర్యాదస్తులు. క్షమాపణ చెప్పి, తగ్గిన బాంబు స్టిక్కరు పోస్టులో పంపారట. అంటించేటప్పుడు చెయ్యి వణక్కూడదని బావగారు ఆ రోజు కాఫీ మానేశారు.