చిట్టచివరి ప్రధాన సంఖ్య అంటూ ఏదీ లేదు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల లెక్కల మాస్టర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. ‘చిట్టచివరి ప్రధాన సంఖ్య దొరికింది. 2ను ఏ ప్రధాన ఘాతానికి పెంచి 1 తీసేసినా ప్రధాన సంఖ్యే వస్తుంది. దీని చివరి అంకె ఎవరూ చెప్పలేరు. దీనితో బ్యాంకుల రహస్యాలన్నీ బయటపడతాయి’ అని దాని సారం. మాస్టర్లే పంపుతుంటే పిల్లలు నమ్మరా?

సంఖ్య దొరికిన మాట నిజమే. 2 ఘాతం 13,62,79,841 నుంచి 1 తీసేస్తే వచ్చేది ప్రధాన సంఖ్యేనని 2024 అక్టోబరులో తేలింది. గింప్స్ అనే స్వచ్ఛంద అన్వేషణలో పాల్గొన్న ల్యూక్ డ్యురాంట్ దాన్ని పట్టుకున్నారు. అందులో 4,10,24,320 అంకెలున్నాయి. సెంటీమీటరుకు నాలుగు చొప్పున శ్రీకాకుళం నుంచి రాసుకుంటూ వస్తే విజయనగరం దాటినా అయిపోవు.

అయితే అది తెలిసినవాటిలో పెద్దది, అంతే. ప్రధాన సంఖ్యలకు అంతు లేదని యూక్లిడ్ దాదాపు 2,300 ఏళ్ల క్రితమే నిరూపించాడు. ప్రధాన సంఖ్యలు 13తో ఆగిపోయాయనుకోండి. 2, 3, 5, 7, 11, 13లను గుణించి 1 కలపండి: 30,031. ఆ ఆరింటిలో దేనితో భాగించినా 1 మిగులుతుంది. కనుక దాన్ని భాగించే ప్రధాన సంఖ్య ఆ జాబితా బయటే ఉండాలి. ఉంది కూడా: 30,031 అంటే 59 × 509. జాబితా ఎంత పొడవున్నా ఇదే వాదన నిలుస్తుంది. ఇంత అందమైన నిరూపణను పక్కనపెట్టి ‘చిట్టచివరిది’ అని రాయడం చూస్తే బాధ కలుగుతుంది.

రెండో మాట కూలడానికి కాగితం కూడా అక్కర్లేదు. పదకొండు రెళ్లను గుణిస్తే 2048. ఒకటి తీసేస్తే 2047, అంటే 23 × 89. ఘాతం 67 అయినప్పుడు వచ్చేది ప్రధాన సంఖ్యేనని, ఇలాంటి సంఖ్యలను పరిశీలించిన ఫ్రెంచి పండితుడు మెర్సెన్ అంతటివాడే 1644లో పొరబడ్డాడు. ఆ సంఖ్య కారణాంకాలను అమెరికా గణితవేత్త ఫ్రాంక్ నెల్సన్ కోల్ 1903లో చూపించాడు: 19,37,07,721 ఒకటి, 7,61,83,82,57,287 రెండోది.

బ్యాంకుల సంగతికొస్తే, సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చే ఆర్‌ఎస్‌ఏ వంటి పద్ధతుల్లో వాడే ప్రధాన సంఖ్యలకు సుమారు 300 అంకెలుంటాయి. వాటి బలమంతా ఎవరికీ తెలియకపోవడంలోనే ఉంది. లోకమంతా ఎరిగిన సంఖ్య అక్కడ ఎందుకూ కొరగాదు.

ఇక చివరి అంకె. 2 ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 వరసలో తిరుగుతాయి. 13,62,79,841ని 4తో భాగిస్తే శేషం 1, కనుక ఆ ఘాతం 2తో ముగుస్తుంది. ఒకటి తీసేస్తే చివరి అంకె 1. ఎనిమిదో తరగతి పిల్లలు చేయగలిగిన లెక్క ఇది. చివరి రెండు అంకెలు 51. అది ఎలా వచ్చిందో రేపు మీ తరగతిలో అడగండి. ఘాతం 20 పెరిగినప్పుడల్లా ఆ రెండు అంకెలు ఏమవుతున్నాయో చూడమని మాత్రం చెప్పండి.